పాత స్టార్లెట్‌లో టర్బో ఇంజన్ ఎక్కించొచ్చా? చెన్నైలో చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి

పెరంబూర్_స్టార్లెట్:

అందరికీ నమస్తే. నా దగ్గర 1990 మోడల్ టొయోటా స్టార్లెట్ ఉంది, మోడల్ కోడ్ ఈపీ81, త్రీ డోర్. మా పెదనాన్న సింగపూర్‌లో పనిచేసి తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న బండి, రైట్ హ్యాండ్ డ్రైవే, ఇప్పుడు ఆర్‌సీ నా పేరు మీదికి మార్చారు. ఇంజన్ 2ఈ, 1295 సీసీ, కార్బొరేటర్. బాడీ చాలా బాగుంది, పెదనాన్న ఎప్పుడూ షెడ్డులోనే పెట్టేవారు కాబట్టి బ్యాటరీ ట్రే కింద, స్టెప్నీ గుంతలో తప్ప ఎక్కడా తుప్పు లేదు, చెన్నై ఉప్పు గాలికి ఇది మామూలు విషయం కాదు.

సమస్యల్లా ఇంజనే. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ కొడుతోంది, ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఏసీ ఆపాలి, పికప్ అస్సలు లేదు. మా ఏరియా మెకానిక్ రింగులు పోయాయి, ఇంజన్ పనైపోయింది అంటున్నాడు.

ఇంతలో పాత బండ్ల స్పేర్లు అమ్మే పుదుప్పేటలో తెలిసిన ఒకాయన దగ్గర 4ఈ-ఎఫ్‌టీఈ ఇంజన్ ఉందని తెలిసింది, అదే స్టార్లెట్ జీటీ టర్బోలో వచ్చేది, హాఫ్ కట్ నుంచి, అంటే సగానికి కోసిన పాత బండి ముందు భాగం నుంచి తీసింది. ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిళ్ళు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), వైరింగ్ అన్నీ కలిపి లక్షా ఎనభై చెప్తున్నాడు, బేరమాడితే దిగేలా ఉన్నాడు. వెళ్ళి చూసొచ్చినప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు.

నా కారులో ఇది నేరుగా కూర్చుంటుందా, బాడీ కొయ్యాలా? మన పెట్రోల్‌కి, మన ఎండకి తట్టుకుంటుందా? ఆర్‌టీఓ దగ్గర పేపర్ల పని ఎలా? ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, కూడా దగ్గర పడుతోంది. నాకు రేసులు కొట్టాలని లేదు, వారానికోసారి ఈసీఆర్ మీద మహాబలిపురం దాకా హాయిగా వెళ్ళి రావాలి, పెదనాన్నని పక్కన కూర్చోబెట్టుకుని. ఆయనకి డెబ్బై దాటాయి, ఇప్పటికీ ఆ బండి తాళం చేతికిస్తే మొహం వెలిగిపోతుంది.

అంబత్తూర్_లేత్:

తమ్ముడూ, ముందు నీ మొదటి ప్రశ్న. కూర్చుంటుంది. నీ 2ఈ బోర్ 73 ఎంఎం, స్ట్రోక్ 77.4. 4ఈ బోర్ 74, స్ట్రోక్ అదే 77.4. ఒకే కడుపున పుట్టిన అన్నదమ్ములు. దానికి తోడు ఈపీ80, 81, 82 మూడూ ఒకే బాడీ, ఈపీ82 జీటీ టర్బోకి టొయోటా వాడే 1989 చివర్లో ఇదే బాడీలో ఈ ఇంజన్ పెట్టి అమ్మాడు. కాబట్టి ఆ ఈపీ82 మౌంటింగులు, గేర్‌బాక్స్, యాక్సిళ్ళు సెట్టుగా దొరికితే బాడీ కొయ్యాల్సిన పని లేదు. ఐర్లండ్‌లో, న్యూజిలాండ్‌లో పాత స్టార్లెట్ ఉన్నవాళ్ళు దశాబ్దాలుగా చేస్తున్న పనే ఇది. 1331 సీసీ, ట్విన్ క్యామ్, 16 వాల్వులు, సీటీ9 టర్బో, 135 పీఎస్. నీ 2ఈ డెబ్బై చిల్లర. బండి బరువు ఎనిమిది వందల కేజీలు అటూ ఇటూ, ఊహించుకో ఎలా లాగుతుందో.

కానీ ఇంజన్ కూర్చోబెట్టడం ఈ పనిలో తేలిక భాగం, అది రెండు రోజుల్లో మా షెడ్డులో కుర్రాళ్ళు చేసేస్తారు. అసలు పని చుట్టూ ఉన్నదంతా, అందులో ముందు పెట్రోల్ లైన్. నీది కార్బొరేటర్ బండి, ఇంజన్ పక్కన మెకానికల్ పంపు ఉంటుంది, అది ఇచ్చే ప్రెషర్ బార్‌లో పావు వంతు, మూడో వంతు ఉంటుందేమో. ఇంజెక్షన్ ఇంజన్‌కి రెండున్నర బార్ పైన కావాలి, పైగా టర్బో బూస్ట్, అంటే టర్బో గాలిని అదిమే ప్రెషర్, ఎంత పెరిగితే రెగ్యులేటర్ పెట్రోల్ ప్రెషర్‌ని అంత పెంచాలి. అంటే టాంకులో ఎలక్ట్రిక్ పంపు, కొత్త లైను, రిటర్న్ లైను. ఈపీ82 టాంకు దొరికితే అదృష్టం, లేకపోతే స్వర్ల్ పాట్ అని ఒక చిన్న పెట్రోల్ డబ్బా చేయించి దాంట్లోకి లో ప్రెషర్ పంపుతో నింపి అక్కడి నుంచి హై ప్రెషర్ పంపుతో కొట్టాలి, ఎందుకంటే మామూలు టాంకులో పెట్రోల్ సగం ఉన్నప్పుడు గట్టిగా మలుపు తిప్పితే పంపు గాలి పీలుస్తుంది, ఫుల్ బూస్టులో ఆ ఒక్క సెకను చాలు పిస్టన్ కరగడానికి. చాలామంది ఇక్కడే పాత రబ్బరు పైపుకే క్లిప్పు బిగించి సరిపెట్టేస్తారు. ఆ పైపు కార్బొరేటర్ ప్రెషర్‌కి చేసింది, పైగా ఇప్పుడు బంకులో వచ్చేది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఇథనాల్‌కి పాత రబ్బరు ఉబ్బుతుంది, తర్వాత పగుళ్ళిస్తుంది. వేడి టర్బో పక్కన రెండున్నర బార్‌లో పెట్రోల్ చిమ్మితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇంజెక్షన్ గ్రేడ్, ఇథనాల్‌కి పనికొచ్చే పైపే వెయ్యాలి, స్క్రూ క్లిప్పు పళ్ళు పైపులోకి దిగకుండా అంచు మడిచిన ఇంజెక్షన్ క్లిప్పులే వాడాలి.

ఇంక వేడి. బూస్ట్ 0.65 బార్ అనుకో, అది ఈ ఇంజన్‌కి కంపెనీ పెట్టిన హై మోడ్. బయట 35 డిగ్రీలుంటే టర్బో నుంచి బయటికొచ్చే గాలి నూట పది డిగ్రీల దగ్గర ఉంటుంది, ఇది లెక్కే, గాలిని అదిమితే వేడెక్కుతుంది, చిన్న టర్బో కాబట్టి ఇంకాస్త ఎక్కువే. దాన్ని చల్లార్చేది ఇంటర్‌కూలర్. జీటీ టర్బోలో అది ఇంజన్ నెత్తి మీద ఉంటుంది, బానెట్ మీద స్కూప్ నుంచి గాలి తీసుకుంటుంది. జపాన్‌లో సరే. ఓఎంఆర్ సిగ్నల్ దగ్గర మే నెలలో ఆగి ఉన్నప్పుడు కింద ఇంజన్ వేడి మొత్తం దానికే ఎక్కుతుంది, సిగ్నల్ పడగానే నువ్వు తొక్కితే అది గాలిని చల్లార్చదు, ఇంకా వేడి చేస్తుంది. పైగా నీ బానెట్‌కి స్కూప్ లేదు, కొయ్యాలి. కాబట్టి బంపర్ వెనక ఫ్రంట్ మౌంట్ పెట్టు, పైపు వీలైనంత పొట్టిగా. రేడియేటర్ కూడా పాతది పనికిరాదు, రెండు వరసల కోర్ వేయించు, ఫ్యాన్‌కి రిలే విడిగా వెయ్యి.

టర్బోకి ఆయిల్ వెళ్ళే పైపు అందరూ జాగ్రత్తగా వేస్తారు, తిరిగొచ్చే పైపు మీద ఎవరికీ శ్రద్ధ ఉండదు. ఆ రిటర్న్‌లో ప్రెషర్ ఉండదు, దానంతట అది కిందికి జారాల్సిందే, ఎక్కడా మెలిక ఉండకూడదు, సంపులో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ లెవెల్ కంటే పైన కలవాలి. అక్కడ కొంచెం పైకి లేచినా ఆయిల్ టర్బోలో నిలబడి సీలు దాటి సైలెన్సర్‌లోకి పోతుంది, తెల్లగా నీలంగా పొగ కొడుతుంది, అందరూ టర్బో పోయిందని కొత్త టర్బో కొంటారు. పైపు వాలు సరి చేస్తే పోయే పొగ అది.

బ్రేకులు, క్లచ్, టైర్లు అడక్కుండానే చెప్తున్నా, అవి మార్చకుండా 135 పీఎస్ వెయ్యొద్దు. ఇంజన్‌కి ఎంతిస్తున్నావో ఇంకో అంత పక్కన పెట్టుకో.

సర్వేయర్_కొళత్తూర్:

ఇంజనీరింగ్ గురించి అన్న చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు. నేను ఇన్సూరెన్స్ సర్వేలు చేస్తాను, పేపర్ల గురించి చెప్తా, ఇది కొంచెం చేదుగా ఉంటుంది కానీ డబ్బులు కట్టేముందే తెలియాలి.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీఎన్‌జీ, బ్యాటరీ లాంటి వేరే ఇంధనానికి మార్చుకోవడానికి దారి ఉంది. పాత ఇంజన్ పోయి అదే కంపెనీ, అదే రకం ఇంజన్ వేసుకుంటే ఆర్‌టీఓ అనుమతితో నంబర్ ఎక్కించుకోవచ్చు. కానీ కార్బొరేటర్ 2ఈ తీసి టర్బో 4ఈ పెట్టడం అదే రకం కిందికి రాదు, 36 సీసీయే కదా తేడా అంటే కుదరదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కేరళ కేసులో ఇదే సెక్షన్ మీద తీర్పిచ్చింది, కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్చడానికి వీల్లేదని. అదే ఏడాది చట్టం సవరించారు, 182ఏ సెక్షన్‌ని మార్చి రాశారు, అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనర్‌కి 5000 జరిమానా లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ.

జరిమానా సంగతి అలా ఉంచు. నేను రోజూ చూసేది క్లెయిములు. యాక్సిడెంట్ అయ్యి బండి వర్క్‌షాప్‌కి వచ్చినప్పుడు మేము మొదట చేసే పని చాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ పెన్సిల్ ప్రింట్ తీసుకోవడం, ఆర్‌సీతో సరిచూడ్డం. నంబర్ కలవకపోతే నీ బండి డ్యామేజీ క్లెయిము ఆగిపోయినట్టే. అవతలివాళ్ళకి దెబ్బ తగిలిన కేసైతే ఇంకా భారం, పాలసీ షరతులు మీరారని తేలినప్పుడు కంపెనీని ముందు బాధితులకి కట్టమని, ఆ డబ్బు ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. ఈసీఆర్ మీద మనుషులు, సైకిళ్ళు, ఆవులు ఎలా అడ్డం వస్తాయో నీకు తెలుసు. ఇల్లు వాకిలి అమ్ముకునే పరిస్థితి ఒక ఇంజన్ కోసం తెచ్చుకోవద్దు తమ్ముడూ, నిజంగా చెప్తున్నా.

ఎఫ్‌సీ దగ్గర పడుతోంది అన్నావు. 2025 ఆగస్టులో ఫీజులు పెంచారు, 20 ఏళ్ళు దాటిన మామూలు కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ 10,000, అదే ఇంపోర్టెడ్ కారుకి 80,000. అంతకు ముందు ఇంపోర్టెడ్‌కి 40,000 ఉండేది. ఎనభై వేలు కట్టి బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టి, బానెట్ ఎత్తగానే ఆర్‌సీలో లేని టర్బో కనిపిస్తే ఏం చెప్తావు? రెన్యువల్ ఆగితే అలాంటి స్టార్లెట్ నీకు మళ్ళీ రోడ్డు మీద దొరకదు, ఇప్పుడు సెకండ్ హ్యాండ్ కారు దిగుమతి చెయ్యాలంటే 3 ఏళ్ళ లోపుది అయ్యుండాలి.

ఒకవేళ ఆ ఇంజన్ దేనికోసమైనా కొన్నా, బిల్లు లేకుండా కొనకు. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతికి కస్టమ్స్ పత్రం), ఇన్‌వాయిస్ మీద ఇంజన్ నంబర్ ఉండాలి. అది అడిగితే మాట మార్చేవాడి దగ్గర కొనొద్దు.

బూస్ట్_పిచ్చి:

బ్రో ఎందుకు ముప్పై ఏళ్ళ జపాన్ ఇంజన్ వెనక పడ్డావు, బలేనో ఆర్‌ఎస్ ఇంజన్ వెయ్యి, కే10సీ, 998 సీసీ టర్బో, 102 పీఎస్, 150 ఎన్ఎం, చాలా తేలిక, స్పేర్లు జీపీ రోడ్డులో దొరుకుతాయి. సీటీ9 టర్బోకి సీల్ కిట్ కావాలంటే ఎక్కడ వెతుకుతావు?

అంబత్తూర్_లేత్:

స్పేర్ల మాట నిజం, మిగతాది అంత సులువు కాదు తమ్ముడూ. అది డైరెక్ట్ ఇంజెక్షన్, హెడ్ మీద క్యామ్‌తో తిరిగే హై ప్రెషర్ పంపు ఉంటుంది, దాని ఈసీయూ ఇమ్మొబిలైజర్‌తో, బాడీ కంట్రోల్ మాడ్యూల్‌తో, ఏబీఎస్‌తో మాట్లాడితే తప్ప ఊరుకోదు, వాటన్నిటినీ ఒక 1990 బండిలోకి తేవాలి లేదా డైరెక్ట్ ఇంజెక్షన్ నడపగలిగే స్టాండలోన్ ఈసీయూ, అంటే వేటితోనూ పని లేకుండా విడిగా నడిచేది, కొనాలి, దాని ధరకి ఇంకో కారొస్తుంది. సుజుకి గేర్‌బాక్స్‌కి టొయోటా హబ్‌లకి యాక్సిళ్ళు కలిపి చేయించాలి, మౌంటింగులు మొదటి నుంచి కట్టాలి. మన దగ్గర దొరికే వాటిలో టాటా 1.2 రెవోట్రాన్ మామూలు పోర్ట్ ఇంజెక్షన్, వైరింగ్ దాంతో సులువు, కానీ ఆ బానెట్ కింద సరిపెట్టడం వేరే తలనొప్పి. సర్వేయర్ గారు చెప్పిన పేపర్ల సమస్య వీటికి ఇంకా ఎక్కువే, కంపెనీయే మారిపోయింది కదా.

సర్వేయర్ గారూ, ఆ 80,000 మాట నాకు తెలియదు, మంచి పని చేశారు చెప్పి. మా దగ్గరికి ఇలాంటి పని మీద వచ్చేవాళ్ళకి ఇకపై ముందే చెప్తాను.

పాత_కార్బొరేటర్:

నేను ఆలస్యంగా చూశాను. బాబూ, అందరూ కొత్త ఇంజన్ గురించి మాట్లాడుతున్నారు కానీ నీ పాత ఇంజన్ నిజంగా పోయిందా అని ఎవరూ అడగలేదు. నేను చిన్నప్పుడు షోలవరం రన్‌వే మీద రేసులు చూసిన తరం వాణ్ణి, 1990లో శ్రీపెరంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ రాకముందు రేసులన్నీ అక్కడే జరిగేవి, అక్కడ నేర్చుకున్న మొదటి విషయం పొగ చూసి ఇంజన్ దింపకూడదని.

నువ్వు రాసింది మళ్ళీ చదువు. పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ. తర్వాత? బండి నడుస్తున్నప్పుడు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే వెనక పొగ వస్తోందా? దాని గురించి ఏమీ రాయలేదు. పొద్దున ఒక్కసారి గుప్పున వచ్చి పోతే అది ఎక్కువగా వాల్వ్ సీళ్ళ పని. రాత్రంతా బండి నిలబడి ఉంటే హెడ్‌లో ఉన్న ఆయిల్ గట్టిపడిపోయిన రబ్బరు సీళ్ళ పక్క నుంచి వాల్వ్ కాడ మీదుగా కిందికి దిగుతుంది, పొద్దున అది కాలిపోతుంది, అంతే. రింగులు పోతే తొక్కినప్పుడల్లా పొగ ఉంటుంది, ఆయిల్ మూత తీస్తే ఆవిరి కొట్టినట్టు గాలి తంతుంది. ముప్పై అయిదేళ్ళ రబ్బరు గట్టిపడకపోతేనే ఆశ్చర్యం.

కంప్రెషన్ టెస్ట్ చేయించు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ మొత్తం తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. రాసుకో. తర్వాత ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొట్టు. ఆయిల్ రింగుల సందులు మూస్తుంది కాబట్టి రీడింగ్ గబుక్కున పెరిగితే రింగులు అరిగాయని. పెరగకపోతే వాల్వ్ కూర్చోవట్లేదు, లేదా గ్యాస్కెట్. గంట పని, మెకానిక్‌కి మూడొందలు ఇస్తే సంతోషంగా చేస్తాడు.

పికప్ లేకపోవడానికి ఇంకో రెండు చోట్లు చూడు. నీది మామూలు రెండు గొంతుల కార్బొరేటర్ అయితే రెండో గొంతు వాక్యూమ్ డయాఫ్రమ్‌తో తెరుచుకునే రకమై ఉండొచ్చు, ఆ డయాఫ్రమ్ చిరిగితే ఆ గొంతు జీవితంలో తెరుచుకోదు, ఇంజన్ ఒక్క గొంతుతోనే ఊపిరి పీలుస్తుంది, ఫ్లైఓవర్ మీద ఏసీ ఆపాల్సి రావడం అచ్చం అదే లక్షణం. డిస్ట్రిబ్యూటర్ పక్కన వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా ఉంటుంది, దాని పైపు నోట్లో పెట్టుకుని పీల్చు, నాలుక అంటుకుని నిలబడితే మంచిది, గాలి వస్తూనే ఉంటే అది చిరిగింది, టైమింగ్ ముందుకి రాదు. ఇవేవీ చూడకుండా ఇంజన్ పోయిందని తీసి గుజరీకి వేసేస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ 2ఈ సరిగ్గా ఉన్నప్పుడు ఎనిమిది వందల కేజీల బండిలో చాలా చలాకీగా ఉంటుంది, టర్బో కాదు కానీ ఈసీఆర్‌కి మీ పెదనాన్నతో వెళ్ళడానికి దానికి మించి అవసరం లేదు.

ఈ20 సంగతి కూడా నీ బండికి వర్తిస్తుంది, టర్బో పెట్టినా పెట్టకపోయినా. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి గాలితో పాటు ఎక్కువ పెట్రోల్ కావాలి, మామూలు పెట్రోల్‌కి 14.7 పాళ్ళ గాలి అయితే ఈ20కి 13.5 దగ్గర. పాత జెట్లతో, అంటే పెట్రోల్ కొలిచి వదిలే చిన్న రంధ్రాలతో, నీ కార్బొరేటర్ ఎనిమిది తొమ్మిది శాతం పల్చగా నడుస్తోందన్నమాట, పికప్ పోవడానికి ఇది కూడా ఒక కారణమే. మెయిన్ జెట్ ఒక సైజు పెంచి ప్లగ్గు రంగు చూడు.

పెరంబూర్_స్టార్లెట్:

అందరికీ చాలా చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. పాత కార్బొరేటర్ గారూ, మీరు చెప్పినట్టే చేయించాను. తొక్కినప్పుడు పొగ లేదు, నేను వెనక ఇంకో బండిలో వెళ్ళి మరీ చూశాను, పొద్దున మాత్రమే వస్తోంది. కంప్రెషన్ మొదటిది 165, రెండోది 168, మూడోది 128, నాలుగోది 162 పీఎస్ఐ. ఆయిల్ పోశాక మూడోది 133 అయింది, మిగతావి పెద్దగా మారలేదు. వాక్యూమ్ అడ్వాన్స్ పైపు పీలిస్తే గాలి వస్తూనే ఉంది, చిరిగినట్టే.

సర్వేయర్ అన్నా, మీరు రాసింది ఇంట్లో చదివి వినిపించాను. పెదనాన్న ఒకటే మాటన్నారు, పేపర్లు చెడగొట్టే పని ఏదీ ఆ బండికి చెయ్యొద్దు అని. కాబట్టి ఈ కారులో టర్బో ఎక్కించే ఆలోచన మానేశాను. కానీ ఆ ఇంజన్ నా మనసులోంచి పోవట్లేదు, అది కొని పక్కన పెట్టుకుని, ఎప్పటికైనా ఎఫ్‌సీ అయిపోయిన, రోడ్డు మీదికి రానక్కర్లేని ఒక స్టార్లెట్ బాడీ దొరికితే ట్రాక్ కోసం కట్టొచ్చా? ముందు ఈ మూడో సిలిండర్ సంగతేంటో చెప్పండి.

పాత_కార్బొరేటర్:

శభాష్. మూడోది కాక మిగతా మూడు సిలిండర్లు చూడు, ఆరు పాయింట్ల తేడాలో ఉన్నాయి, ఆ రింగులకి ఏమీ కాలేదు. మూడోది ఆయిల్ పోసినా లేవలేదు కాబట్టి పైన ఎక్కడో గాలి పోతోంది. ఎక్కడో తెలియాలంటే ఇంజన్ దింపక్కర్లేదు. మూడో పిస్టన్ కంప్రెషన్ మీద సరిగ్గా పైకి వచ్చేలా క్రాంక్ తిప్పి పెట్టు, బండి గేర్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగు, ప్లగ్గు రంధ్రంలో అడాప్టర్ బిగించి పంక్చర్ షాపు కంప్రెసర్ నుంచి గాలి పంపు, ఆపైన చెవి పెట్టి విను. కార్బొరేటర్‌లోంచి బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వ్, నీ 2ఈలో సిలిండర్‌కి రెండు ఇన్‌లెట్లు ఒక ఎగ్జాస్ట్ ఉంటాయి. సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్. రేడియేటర్ మూత తీసి చూస్తే బుడగలు వస్తే గ్యాస్కెట్. ఏదైనా సరే హెడ్ ఒక్కటి దింపితే తీరిపోయేదే. అయితే అంతకంటే ముందు వాల్వ్ సందు ఎంతుందో ఫీలర్ గేజ్ పెట్టి చూడు, మూడో దాంట్లో ఎవరైనా మరీ బిగించేస్తే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, అప్పుడు హెడ్ కూడా దింపక్కర్లేదు.

హెడ్ దింపాల్సి వస్తే వాల్వ్ సీళ్ళు మొత్తం కొత్తవి వేయించు, గైడ్‌లు ఊగుతున్నాయేమో చూపించు, సీట్లు గ్రైండ్ చేయించు, హెడ్ వంకర ఉందేమో స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూశాకే స్కిమ్ చేయించు, అంటే అడుగు చదునుగా చెక్కించు, ఊరికే తీయించొద్దు, తీసిన కొద్దీ కంప్రెషన్ రేషియో పెరిగి నాకింగ్ మొదలవుతుంది.

అంబత్తూర్_లేత్:

హెడ్ దింపితే నా దగ్గరికి తీసుకురా, సీట్ గ్రైండింగ్ నేనే దగ్గరుండి చేయిస్తా. టైమింగ్ బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు కూడా అప్పుడే మార్చేద్దాం.

ఆ టర్బో ఇంజన్ గురించి. ట్రాక్ బండి కోసమైతే నేను వద్దనను, ట్రైలర్ మీద ఇరుంగాట్టుకోట్టై తీసుకెళ్ళి, ట్రాక్ డేలో నడుపుకుని, మళ్ళీ ట్రైలర్ మీదే ఇంటికి తేవాలి, అంతే, పోటీకి దిగితే మోటార్ స్పోర్ట్స్ సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకోవాలి. అక్కడ ఫుల్ త్రాటిల్ మీద ఎక్కువసేపు ఉంటావు కాబట్టి నేను ముందు చెప్పిన పెట్రోల్ లైను, ఆయిల్ రిటర్న్ ఇంకా జాగ్రత్తగా చెయ్యాలి. ఇంజన్ జపాన్ ప్రీమియం పెట్రోల్‌కి ట్యూన్ చేసింది, అక్కడ ప్రీమియం అంటే 96 ఆక్టేన్ పైనే, కాబట్టి ఎక్స్‌పీ100 పోసుకో, లేదా కనీసం స్పీడ్ 97. బూస్ట్ 0.8 బార్ దాటితే ఈసీయూ పెట్రోల్ కట్ చేసేస్తుంది, అది ఇంజన్‌ని కాపాడటానికి పెట్టింది, ఆ కట్‌ని మోసం చేసే డబ్బా ఎవరైనా అమ్మితే కొనకు. మిక్చర్ చూపించే వైడ్‌బ్యాండ్ సెన్సర్ గేజ్ ఒకటి పెట్టుకో, లాంబ్డాలో చూడు, అంటే ఆ పెట్రోల్‌కి కావాల్సిన గాలితో పోలిస్తే ఎంత వెళ్తోందో చెప్పే అంకెలో, ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి మామూలు గాలి పెట్రోల్ అంకెలు చూసుకుంటే తప్పుదారి పడతావు.

డబ్బులిచ్చే ముందు పుదుప్పేటకి ఒక టార్చి, ఒక కంప్రెషన్ గేజ్, ఒక బ్యాటరీ తీసుకెళ్ళు. ఆయిల్ మూత తీసి లోపల వేలు పెట్టు, నల్లటి జిగురు గడ్డకట్టి ఉంటే వదిలెయ్యి. టర్బో నోటి దగ్గర గొట్టం తీసి, చక్రం మధ్య నట్టు రెండు వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ ఊపు, కాస్త ఆట ఉండొచ్చు కానీ రెక్కలు చుట్టూ ఉన్న గోడకి తగలకూడదు, గోడ మీద గీతలుంటే ఆ టర్బో అయిపోయింది. అదే నట్టు పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగు, ఆ వైపు ఆట అస్సలు తెలియకూడదు. వైరింగ్ చూడు, ఈసీయూ ప్లగ్గు దగ్గర వైర్లు కోసి ఉంటే ఐదారు వేలు తగ్గించి అడుగు, సెన్సర్ల దగ్గర కోసి ఉంటే అసలు తీసుకోకు. బూస్ట్ హై లో స్విచ్, మ్యాప్ సెన్సర్, ఇగ్నైటర్, ఆయిల్ రిటర్న్ పైపు ఇవన్నీ ఆ హాఫ్ కట్‌లో నుంచి ఇప్పుడే అడిగి తీసుకో, ఇంజన్ తర్వాత ఆ బాడీ కట్టింగ్‌కి పోతే మళ్ళీ దొరకవు. సర్వేయర్ గారు చెప్పిన బిల్లు సంగతి మొదట అడుగు, అది తేలాకే బానెట్ దగ్గరికి వెళ్ళు.

పెరంబూర్_స్టార్లెట్:

అన్నీ రాసుకున్నాను అన్నా. ముందు వాల్వ్ సందు చూపిస్తా, తర్వాత గాలి టెస్ట్, తేలాక ఇక్కడే పెడతాను. వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా 2ఈది ఎవరి దగ్గరైనా ఉంటే, లేదా వేరే టొయోటాది సరిపోతుందని తెలిస్తే చెప్పండి, జీపీ రోడ్డులో రెండు షాపుల్లో అడిగాను, లేదన్నారు.

పాత_కార్బొరేటర్:

డిస్ట్రిబ్యూటర్ మీద ఉన్న పార్ట్ నంబర్ ఫోటో తీసి పెట్టు. కొత్తది దొరక్కపోతే డయాఫ్రమ్ మార్చి పాతదాన్నే బాగు చేసే వాళ్ళున్నారు, నంబర్ చూశాక చెప్తాను. అంతవరకు ఆ వాక్యూమ్ పైపుకి బోల్టు పెట్టి మూసెయ్యి, చిరిగిన డయాఫ్రమ్‌లోంచి దొంగ గాలి పీల్చి మిక్చర్ ఇంకా పల్చబడుతోంది.